వంకాయ రంగు చుక్క

పోయిన వారం మీటరమ్మను బల్ల ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఎక్కడికి వెళ్తుంది గనక? మేడ మీద రెండు గదులు. ముందు గది తమ్ముడి బ్యాటరీల షాపు, వెనక గది ఆవిడ కాపురం. ఒక్కతే ఉండేదాన్ని కాపురం అనొచ్చో లేదో తెలియదు గానీ, ఆవిడ మాత్రం అలాగే అంటుంది.

ఆవిడ జ్వరంతో మంచాన పడ్డ రోజుల్లో తమ్ముడు ఎక్కడినుంచో చవగ్గా లిథియం సెల్లులు ఒక పెట్టెడు తెచ్చాడు. అందులో సగం పెట్టి, కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ ప్యాకు కట్టి, ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే లెక్కల టీచరమ్మ ఆక్సిజన్ మిషన్‌కి తగిలించి వచ్చాడు. కొలవని సెల్లు గడప దాటకూడదన్నది ఆ షాపులో మీటరమ్మ పెట్టిన నియమం. నియమం పెట్టిన మనిషి మంచం మీద ఉంటే ఇక అడిగేదెవరు? జ్వరం తగ్గి లేచిన ఆవిడ, పెట్టెలో మిగిలిన వాటిలోంచి నాలుగు తీసి మీటరుకు ఎక్కించింది. మీటరు కూత పెట్టి ఆగిన చోట మనమూ ఆగాం.

ఆగిన అంకె, అంటే సెల్లులో నిజంగా పట్టే చార్జి, ఎనిమిది వందల పన్నెండు. సెల్లు తొడుగు మీద బంగారు రంగుతో అచ్చు వేసింది నాలుగు వేల రెండు వందలు. మిగతా మూడింటిలో ఒకటి కాస్త పైన, రెండు ఇంకా కింద. నాలుగింటిలో పెద్దమనిషి కూడా తొమ్మిది వందలు దాటలేదు.

సెల్లును నిండా చార్జి చేసి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి, తర్వాత నిదానంగా ఖాళీ చేస్తూ ఎంత బయటికి వచ్చిందో కొలవడం మీటరమ్మ పని. గంటల తరబడి పడుతుంది. ఈ లోపల మాట్లాడేవాళ్ళు ఉండరు. మీటరు లోపలి చిన్న ఫ్యాను గురగురమంటుంది, ఆవిడ వింటూ కూర్చుంటుంది. మామూలు వోల్టు మీటరు పెట్టి చూసేసి బాగుందనే వాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట. గ్లాసు నిండిందా లేదా అన్నదే అది చెబుతుంది, గ్లాసు ఎంతదో చెప్పదు. చిన్న గ్లాసు కూడా నిండుగానే ఉంటుంది మరి.

ఆవిడ ఒక సెల్లు తీసి ముంజేతి లోపలి వైపు ఆనించి చూసింది. మంచి సెల్లయితే పని ముగిశాక గోరువెచ్చగా ఉంటుంది. ఇది చుర్రుమంది. తూకం వేస్తే మాత్రం సరిగ్గా తూగింది. లోపల పిండీ ఇసకా కూరి అమ్మే నకిలీవైతే తేలిపోయేవి. అంటే ఇవి నకిలీవి కావు. ఒకప్పుడు బాగా బతికి, పనిచేసి, అరిగిపోయిన అసలు సెల్లులు. వాటికెవరో కొత్త బట్టలు కట్టి పెళ్ళికొడుకుల్లా నిలబెట్టారు.

బ్లేడు తీసుకుని తొడుగును నిలువునా గీసింది. ఉల్లిపొరలాంటి ఆ ప్లాస్టిక్కు రెండుగా విడిపోయింది. కింద వట్టి లోహం. పక్కన చిన్న చుక్క. వంకాయ రంగు.

మీటరమ్మ చేతిలో బ్లేడు ఆగిపోయింది.

ఆ చుక్క ఆవిడ పెట్టిందే. పాత లాప్‌టాప్‌ల్లోంచి, పాత డ్రిల్లింగ్ మిషన్లలోంచి తీసిన సెల్లులు కొలిచి, పనికిరానివాటిని పక్కన పడేసేటప్పుడు అందరూ తొడుగు మీద ఇంటూ గుర్తు గీస్తారు. ఆవిడ అలా చేయదు. తొడుగు మీద పెట్టింది తొడుగుతోనే పోతుందని, బ్లేడుతో పక్కన చిన్న చీలిక చేసి, లోపలి లోహం మీద గోళ్ళ రంగు ఒక చుక్క వేస్తుంది. ఆ సీసా ఆవిడ భర్త ఒకప్పుడు సరదాపడి కొనిచ్చింది. అతన్ని వదిలి వచ్చేశాక గోళ్ళకు రంగు వేసుకోవడం మానేసింది, సీసా మాత్రం పారేయలేదు. పనికిరాని సెల్లులకు వాడుకుంటోంది. ఇందులో ఏదో కసి ఉందని మీరనుకుంటే, ఉంది. ఆవిడే ఒప్పుకుంటుంది.

ఇంకో సెల్లు గీసింది. చుక్క. ఇంకోటి. చుక్క. నాలుగోది గీయాలంటే చేయి రాలేదు. తను పారేసినవన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చి బల్ల మీద కూర్చున్నాయి. ఆ గదిలో ఆవిడ ఒంటరిగా ఉండటం కొత్తేమీ కాదు, కానీ ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి. వాటి వెనకే గజ్జె చప్పుడు. తమ్ముడు తాళాల గుత్తి ఎక్కడపడితే అక్కడ మరిచిపోతాడని ఆవిడే దానికి ఒక ఇత్తడి గజ్జె కట్టింది. మెట్ల మీది చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేయడం ఒంటరి వాళ్ళకు దానంతటదే అబ్బే విద్య. ఒకప్పుడు, భర్తతో ఉన్న ఇంట్లో, ఇంకో చప్పుడు ఉండేది. రెండు మెట్లు, ఒక ఆగుడు. మళ్ళీ రెండు మెట్లు, మళ్ళీ ఆగుడు. ఆవిడ భర్తకు మోకాలికి పాత దెబ్బ. వస్తానన్న పూటకి ఏనాడూ రాని ఆ మనిషి కోసం, రెండు మెట్లూ ఒక ఆగుడూ ఎప్పుడు వినబడతాయా అని చెవులు రిక్కించి సాయంత్రాలకు సాయంత్రాలు కూర్చునేది. అలవాటు పాడుగాను, చెవులింకా రిక్కించుకునే ఉంటాయి.

తమ్ముడు రెండు టీ కప్పులతో లోపలికి వచ్చాడు. మనిషి బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటాడు. ఎవరినీ కసురుకోలేడు, ఎవరికీ కాదని చెప్పలేడు. అందరితో అవునంటూ పోయేవాడు చివరికి ఎవరికో ఒకరికి అన్యాయం చేయక తప్పదు. అదింకా అతనికి తెలియలేదు.

"టీ తాగక్కా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. జ్వరం నిన్న కదా తగ్గింది, అప్పుడే బల్ల ముందు కూర్చోవాలా?"

"ఇది చూడు ముందు."

అతను మీటరు వైపు చూశాడు. "ఒకటీ అరా పోతాయిలే. పెట్టె మొత్తానికి కాదుగా."

"నాలుగు పెట్టాను. నాలుగూ అంతే."

"మీటరు ముసలిదైపోయిందేమో. నేను ఎప్పుడో చెప్పాను మార్చేద్దామని."

"ముసలివి ఏవో చూపిస్తా, ఇలా కూర్చో." నాలుగో సెల్లు తీసుకుని అతని కళ్ళముందే గీసింది. తొడుగు విప్పి, చుక్క పైకి వచ్చేలా అతని అరచేతిలో పెట్టింది.

ఈ రంగేంటని అతను అడగలేదు. ఆవిడ అందుకోసమే చూస్తోంది. తెలియనివాడైతే ముందు అదే అడిగేవాడు. తమ్ముడు సెల్లును కాకుండా కిటికీని చూశాడు.

"తుక్కు బస్తా ఎవరికిస్తున్నావురా?"

"చెప్పాగా. కరిగించే ఫ్యాక్టరీ వాళ్ళకి."

"కరిగించి, నా చుక్కతో సహా మళ్ళీ పోత పోశారా?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చచ్చిపోయింది. టీ కప్పు బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"బావకి ఇస్తున్నా" అన్నాడు చాలా చిన్నగా.

తమ్ముడికి ఉన్నది ఒక్కడే బావ, ఆవిడ భర్త. అయినా ఆవిడ ఏ బావ అని అడిగింది. అడిగాక తనకే నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ బయటికి రానివ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళ నుంచే. అదేం పెద్ద... ఎదురుపడితే మొహం తిప్పుకుని పోమంటావా అక్కా? బావ కదా. వెనక సందులో చిన్న గది తీసుకున్నాడు. ఒక్కడే ఉంటున్నాడు. తుక్కు ఇస్తే ఏదో చేసుకుంటానన్నాడు, ఇచ్చాను. కలిసినప్పుడల్లా ముందు నీ గురించే అడుగుతాడు. టైముకు తింటోందా, ఒక్కతే ఉండటానికి భయపడుతోందా అని."

"వెనక సందులోనా?"

"ఊఁ."

ఈ ఊళ్ళోనే లేడనుకుంది ఆవిడ. కూరగాయలకి వెళ్ళే సందు. రోజూ నడిచే సందు. ఏ కిటికీలోంచో తనను చూస్తూనే ఉండి ఉంటాడు. ఇంట్లో తమ్ముడికి తెలుసు, మరదలికి తెలిసే ఉంటుంది. అందరూ తెలిసే మాట్లాడుతున్నారు, తను మాత్రం ఏమీ తెలియకుండా వాళ్ళ మధ్య కూర్చుని అన్నం తింటోంది. సెల్లుల సంగతి కంటే ఈ సంగతే ఎక్కువ కాల్చింది. ఒంటరిదాన్ని అని ఎంత అనుకున్నా, తమ్ముడున్నాడు అనే మాట ఒకటి లోపల ఎక్కడో పెట్టుకుని బతుకుతోంది. దాని తొడుగు కూడా ఈ పూటే చిరిగింది.

"నా గురించి అడిగి, నేను పారేసినవి పట్టుకెళ్ళేవాడన్నమాట."

"తొడుగులు మార్చి తెస్తాడని నాకేం తెలుసు? కొత్త సరుకు వచ్చింది, నీకైతే తక్కువకి ఇస్తానన్నాడు. నమ్మాను."

"నమ్మినవాడివి నాకు జ్వరం వచ్చినప్పుడే ఎందుకు తెచ్చావురా? నేను లేచి తిరుగుతున్నప్పుడు తెస్తే మీటరు కాటేస్తుందా?"

పైన ఫ్యాను ధీమాగా తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగుతోంది. ఆ వెలుగులో అతని మొహం చిన్నప్పుడు పలక పగలగొట్టి దాచినప్పటి మొహంలాగే ఉంది. ఆవిడకు ఒక్క క్షణం జాలి వేసింది. ఆ వెంటనే టీచరమ్మ గుర్తొచ్చింది.

టీచరమ్మ ఎదురు అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, ఊపిరితిత్తులు కూడా రాజీనామా ఇచ్చేశాయని తనే జోకులు వేస్తుంది. ఆవిడా ఒక్కతే. రోజూ చీకటిపడగానే బాల్కనీ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తుంది. ఇటు నుంచి మీటరమ్మ షాపు లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తుంది. ఉన్నావా అంటే ఉన్నాననడం, అంతే. తలుపు తాళంచెవి ఒకటి తమ్ముడి గుత్తికి తగిలించింది కూడా టీచరమ్మే. "నేను పడిపోతే తలుపు పగలగొట్టకండి నాయనా, మంచి టేకు తలుపు" అంది అప్పుడు.

"టీచరమ్మకు ఏం చెప్పావు, ప్యాకు ఎంతసేపు వస్తుందని?"

"సాయంత్రం దాకా వస్తుందన్నాను. తొడుగు మీద ఉన్న లెక్క ప్రకారం..."

"గంట కూడా రాదు. ఇవాళ లైన్ల మరమ్మతు, మూడింటి నుంచి కరెంటు తీస్తారు. గేటు దగ్గర కాగితం అంటించారు, చూడలేదా?"

అతను గోడ గడియారం చూశాడు. ఇంకా టైముంది. ఆవిడ అప్పటికే ఫోను చేస్తోంది. అవతల మోగి మోగి ఆగిపోయింది. భోజనం చేశాక టీచరమ్మ చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుంటుంది. అప్పుడు పిడుగు పడ్డా వినపడదు. మీటరమ్మ లేచి వెనక గదిలోకి వెళ్ళి, తన దీపానికీ ఫ్యానుకూ పెట్టుకున్న ప్యాకు ఊడదీసింది. అందులో ఒక్కో సెల్లు ఆవిడ చేత్తో కొలిచి ఏరినది. ఆ షాపు ప్యాకులన్నిటికీ ప్లగ్గు ఒకటే.

"అక్కా, ఆగు. నువ్వు వెళ్ళి చెప్పొద్దు. రేపు నేనే వెళ్తాను, సర్వీసింగ్ అని చెప్పి మార్చేస్తా."

"ఊపిరి రేపటికి వాయిదా వేస్తుందా ఆవిడ?"

"ఆవిడకి తెలిస్తే అపార్ట్‌మెంట్ అంతా తెలుస్తుంది. షాపు మూసుకోవాలి. నా పిల్లల సంగతి ఏంటి? నువ్వు కొలుస్తావు, అంకెలు చెబుతావు, చేతులు దులుపుకుంటావు. అందరితో తిరిగేది నేను." గొంతు పెరిగింది. అతని నోటి నుంచి అంత గొంతు ఆ గది ఎప్పుడూ వినలేదు. "వెళ్తే వెళ్ళు. మళ్ళీ ఈ మెట్లెక్కి రాకు."

అన్నాక తనే బిత్తరపోయాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. వేసుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. ఆ లోపల అతను ఒక్క మాట వెనక్కి తీసుకుంటాడేమోనని ఆగింది. తీసుకోలేదు. ఆవిడ ప్యాకును చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

కింద సెలూన్ చీకటిగా ఉంది. మంగలాయన కుర్చీ వాకిట్లో వేసుకుని, వెలుతురులో ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. పక్కన జిరాక్సు షాపతను అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"కరెంటు పోయిందా?" అంది మీటరమ్మ.

మంగలాయన కత్తి ఆపి నవ్వాడు. "ఎప్పుడో పోయిందమ్మా. మూడని రాసి రెండింటికే తీసేశారు. మీకేం, బ్యాటరీల ఇల్లు. పోయిన సంగతి వీధిలో చివరికి తెలిసేది మీకే."

ఆవిడ తలెత్తి మేడ మీది షాపు కిటికీ చూసింది. నిజమే. కరెంటు పోగానే షాపు మొత్తం తనంతట తనే బ్యాటరీల మీదికి వెళ్ళిపోతుంది. లైటు రెప్ప కూడా వేయదు. ఆ ఏర్పాటు ఆవిడే చేసింది, చేసినప్పుడు ఎంతో మురిసిపోయింది కూడా. నెత్తిన ఫ్యాను హాయిగా తిరుగుతుంటే, తమ్ముడితో బావ గురించి, చుక్కల గురించి వాదిస్తూ కూర్చుంది. ఎదురింట్లో ఆ చచ్చు సెల్లులు ఒక్కొక్కటే అయిపోతున్నాయి.

వీధి దాటేటప్పుడు అటూ ఇటూ చూడలేదు. ఎవరో హారన్ కొట్టి తిట్టారు. అపార్ట్‌మెంట్ లిఫ్టు నోరు తెరుచుకుని ఆగిపోయి ఉంది. మెట్లు పట్టుకుంది. జ్వరం నుంచి లేచిన కాళ్ళు. మొదటి అంతస్తుకే ఊపిరి అందలేదు. తనకు అందకపోతే కాసేపు నిలబడితే సరిపోతుంది, టీచరమ్మకు అలా కాదు కదా అనుకుంటూ, ప్యాకు ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని మళ్ళీ ఎక్కింది.

మూడో అంతస్తు వరండాలోకి రాగానే వినపడింది. కీచుమంటూ సన్నటి కూత, ఆగి ఆగి. ప్యాకు అయిపోయే ముందు కూత పెట్టే ఆ బజర్ ప్రతి ప్యాకులో ఉండాలని పట్టుబట్టి, ఆ సర్క్యూట్లు తన చేత్తోనే అతికించి సొరుగు నిండా పెట్టింది మీటరమ్మే. ఎంత నిద్రలో ఉన్నా లేస్తారని. చెవి మిషన్ తీసి పడుకున్న మనిషి సంగతి ఆలోచించలేదు.

"టీచరమ్మగారూ!" తలుపు దబదబా బాదింది. గంట నొక్కింది, కరెంటు లేని గంట ఏం మోగుతుంది? మళ్ళీ బాదింది. పక్క ఫ్లాటుకు తాళం. ఎదుటి ఫ్లాటు ఎప్పుడూ ఖాళీయే. లోపల కూత దగ్గర దగ్గరగా పడుతోంది. అంటే కొద్ది నిమిషాలే. ఆ లెక్క ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు?

తాళంచెవి తమ్ముడి గుత్తికి ఉంది. గుత్తి అతని జేబులో ఉంది. మళ్ళీ ఈ మెట్లెక్కి రాకు అన్న మనిషి జేబులో. ఫోను తీసి చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మంచి టేకు తలుపు భుజం పెట్టి తోస్తే కదల్లేదు. మంచి సెల్లులున్న ప్యాకును గుండెకు హత్తుకుని, చెవి తలుపుకు ఆనించి నిలబడింది. ప్రాణం పోసేది చేతిలో ఉంది, మనిషి తలుపుకు అవతల ఉంది, అందించే దారి లేదు. ఏడ్చింది. ఎవరూ చూడరు గనక గట్టిగానే ఏడ్చింది.

లోపల కూత ఆగిపోయింది.

ఆగిందో, తన చెవులే పనిచేయడం మానేశాయో తెలియలేదు. ఊపిరి బిగబట్టి వింది. ఏమీ లేదు. అప్పుడు కింద, మొదటి అంతస్తు మెట్ల మీద, ఇత్తడి గజ్జె చప్పుడైంది.

"తమ్ముడూ!" ఆవిడ మెట్ల పిట్టగోడ మీదికి వంగి అరిచింది. "తాళంచెవి! త్వరగా రారా, త్వరగా!"

జవాబు లేదు. చెప్పుల టపటప కూడా లేదు. గజ్జె మాత్రం పైకి వస్తోంది.

రెండు మెట్లు. ఆగింది.

మళ్ళీ రెండు మెట్లు.